పాత డైనింగ్ సెట్టు కొనేముందు కుర్చీ తిరగేసి చూడండి



ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో సామాన్ల ఫొటోలు మొదలవుతాయి. పిల్లల పరీక్షలు అయ్యాక ఇల్లు మారేవాళ్లు, బెంగళూరుకో పుణెకో బదిలీ అయినవాళ్లు, అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిపోతున్న పెద్దవాళ్లు తమ వస్తువుల్ని అమ్మకానికి పెడతారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటి వాటికి కంపెనీ, కొన్న సంవత్సరం చూసి ఏదో ఒక ధర అనుకోవచ్చు. డైనింగ్ టేబుల్ దగ్గరకొచ్చేసరికి అందరూ తడబడతారు. ఫొటోలో బల్ల నిగనిగలాడుతూ ఉంటుంది. దాని కింద "అసలు టేకు, ఆరు కుర్చీలు, మంచి కండిషన్" అని రాసి ఉంటుంది. కొనాలా, వద్దా?

మా ఇంట్లో చెక్క సామాను చాలావరకు ఇంకొకరు వాడగా వచ్చిందే. అందుకే చుట్టాలూ ఇరుగుపొరుగువారూ ఈ ప్రశ్న నన్ను తరచు అడుగుతుంటారు. నేను చెప్పేది ఒక్కటే. మరమ్మతుకు లొంగే సెట్టయితే ఎంత పాతదైనా నిశ్చింతగా కొనండి. మరమ్మతుకు లొంగనిదైతే అద్దంలా మెరుస్తున్నా, సగం ధరకే ఇస్తామన్నా వద్దనండి. లొంగుతుందో లేదో ఎలా తెలుస్తుందన్నదే ఈవేళ మన విషయం.

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు ఇంట్లో ఎవరి కోసం కొంటున్నారు? మన తాతల కాలంలో పీటలు వేసుకుని, కింద విస్తళ్లు పరచుకుని తిన్నారు. బల్ల మీద భోజనం దొరల బంగళాలతో, రైల్వే క్వార్టర్లతో మన ఊళ్లకు వచ్చి, ఆ తర్వాత ఉద్యోగస్తుల ఇళ్లలోకి, పెళ్లికూతురితో పంపే సారె సామాన్లలోకి చేరింది. చాలా ఇళ్లలో ఇప్పటికీ అన్నం పళ్లెం టీవీ ముందుకే వెళుతుంది. డైనింగ్ టేబుల్ మీద మాత్రం మందుల స్ట్రిప్పులు, కరెంటు బిల్లులు, ఇస్త్రీ బట్టలు పేరుకుపోతాయి. మీ ఇల్లు అలాంటిదైతే ఆ చోటు ఖాళీగా ఉంచుకోవడమే మంచిది. కానీ ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే లెక్క మారిపోతుంది. కింద కూర్చోలేక, కూర్చుంటే లేవలేక, మంచం మీద పళ్లెం పెట్టుకుని ఒంటరిగా తినే అమ్మమ్మలు, తాతయ్యలు ఎందరో ఉన్నారు. వాళ్లను మళ్లీ నలుగురి మధ్యకు తీసుకొచ్చి భోజనం పెట్టగలిగేది ఆ బల్లే. ఆ ఒక్క కారణం చాలు కొనడానికి.

ఇంకో సంకోచం గురించి కూడా చెప్పాలి. "ఎవరు తిన్నారో, ఏం తిన్నారో, ఆ ఇంట్లో ఏం జరిగిందో" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఎంగిలి, మడి చూసుకుంటూ పెరిగిన మనిషికి ఆ మాట రావడం సహజం, దాన్ని కొట్టిపారేయకూడదు. ఇష్టం లేని వస్తువును ఇంట్లోకి తెచ్చి రోజూ దాని ముందు కూర్చోబెట్టడం కూడా న్యాయం కాదు. నా మనసులో మాట మాత్రం ఇది. ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన బల్ల మంచి చోటు నుంచే వచ్చినట్టు. పై పాలిష్ గీకి, చిత్రిక పట్టి, కొత్త పాలిష్ వేస్తే పాత వాడకం తాలూకు జిడ్డు, మరక ఏదీ మిగలదు. మా పక్కింటావిడ అలా పాలిష్ చేయించాక బల్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మొదటి రోజు పాయసం వండి వడ్డించారు. వాళ్ల అత్తగారు అప్పటినుంచి అదే బల్ల దగ్గర తింటున్నారు.

సరే, వస్తువు దగ్గరకు వద్దాం. టేకు అని చెప్పి అమ్మే బల్లల్లో అసలు టేకు పలకతో చేసినవి ఉంటాయి. ప్లైవుడ్ మీద కాగితం లాంటి పల్చటి టేకు పొర అతికించినవి ఉంటాయి, దాన్నే వెనీర్ అంటారు. రబ్బరు కర్రకు టేకు రంగు పట్టించినవి ఉంటాయి. చివరగా రంపపు పొట్టునీ చెక్కపీచునీ జిగురుతో అచ్చు వేసి చేసిన బోర్డు మీద టేకు బొమ్మ ముద్రించిన కాగితం అంటించినవి. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి.

అందుకే పైనుంచి చూడకండి. నేల మీద కూర్చుని, ఫోన్ టార్చ్ వెలిగించి బల్ల అడుగు భాగం చూడండి. అమ్మేవాళ్లు పైభాగం తుడిచి పెడతారు, అడుగు ఎవరూ ముట్టుకోరు. గట్టి పలకైతే పైన కనబడే చారలకు, కింద కనబడే చారలకు పొంతన ఉంటుంది. పైన ఒకచోట ముడి ఉంటే చాలాసార్లు కింద కూడా ఇంచుమించు అక్కడే దాని జాడ కనిపిస్తుంది. తర్వాత అంచు చూడండి. పలక చివర, అంటే దుంగను అడ్డంగా కోసిన వైపు, చెట్టు ఏటేటా పెరిగిన వలయాల ముక్కలు విల్లులా వంగి కనబడతాయి. వెనీర్ అయితే పై చారలు అంచు దగ్గర ఠక్కున ఆగిపోతాయి, అంచుకు వేరే పట్టీ అతికించి ఉంటుంది. మూలల్లో ఆ పట్టీ లేచిందేమో గోటితో తడిమి చూడండి. బోర్డు అయితే నీళ్లు తగిలే చోట ఉబ్బి ఉంటుంది. రోజూ తడిగుడ్డతో తుడిచే బల్ల అంచులే ముందు ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బిన బోర్డు ఎండినా మళ్లీ కిందికి దిగదు, ఏ వడ్రంగీ దాన్ని బాగుచేయలేడు.

బరువు చూసి మోసపోవద్దు. "ఇద్దరు మోయలేకపోయాం, అంత మంచి కర్ర" అంటుంటారు. ఎండిన టేకు ఘనపుటడుగుకు సుమారు 18 కిలోలు తూగుతుంది. చెక్కపీచుతో చేసే ఎండీఎఫ్ బోర్డు 20 కిలోల దాకా, ఒక్కోసారి ఇంకా పైన తూగుతుంది. అంటే పీచు బోర్డే టేకుకన్నా బరువు.

వెనీర్ అంతా చెడ్డదని కాదు. మంచి ప్లైవుడ్ మీద మందపాటి పొర వేసి, చుట్టూ టేకు బీడింగ్ కొట్టిన పాత బల్లలు ఏళ్ల తరబడి నిలిచినవి చూశాను. కాకపోతే వాటిని ఒకటి రెండుసార్లకు మించి గీకి పాలిష్ చేయలేం, పొర అరిగి కింద ప్లై బయటపడుతుంది. కాబట్టి ధర కూడా ఆ మేరకే ఉండాలి. రబ్బరు కర్ర విషయం ఇంకొంచెం తెలుసుకోవాలి. మలేషియా నుంచి వచ్చిన డైనింగ్ సెట్లు చాలావరకు ఆ కర్రతో చేసినవే. పాలు తగ్గిపోయిన తోటల్లో పాతికేళ్లు, ముప్పై ఏళ్లు నిండిన చెట్లను కొట్టి చేస్తారు. అది అసలు కర్రే, బోర్డు కాదు. మరమ్మతుకు లొంగుతుంది. కానీ తేమకు, పురుగుకు టేకులా తట్టుకోలేదు. "ఇంపోర్టెడ్ టేకు" అని రబ్బరు కర్రకు టేకు ధర అడిగితే మాత్రం ఇవ్వకండి.

అసలు టేకు దొరికితే దాని విలువ ఏమిటో కూడా తెలిసి ఉండాలి. ఆరుగురు కూర్చునే బల్ల పైపలక 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం అనుకుందాం. అది ఒకటింపావు ఘనపుటడుగుల కర్ర. రెండున్నర అంగుళాల చదరం, రెండున్నర అడుగుల పొడవు ఉన్న నాలుగు కాళ్లు ఇంకో అర ఘనపుటడుగుకు కొంచెం తక్కువ. చుట్టూ చట్రం, ఆరు కుర్చీలు వేరు. మీ ఊళ్లో టింబర్ డిపోకు వెళ్లి ఘనపుటడుగు టేకు ఎంతో ఒక్కమాట అడిగి రండి. తరుగు, కూలి ఇంకా కలపకముందే, కొత్తది చేయిస్తే కర్రకే ఎంతవుతుందో మీకు అర్థమవుతుంది. దుకాణంలో కొంటే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది.

పాత టేకులో ఇంకో గొప్పతనం ఉంది. ఎక్కువ కాలం పెరిగిన చెట్టులో చేవ ఎక్కువ. చెదలు, పురుగు తట్టుకునే గుణం ఆ చేవలోనే ఉంటుంది, చుట్టూ ఉండే తెల్లటి కర్రలో ఉండదు. ఇప్పుడు తోటల్లో పెంచి తొందరగా కొట్టేస్తున్న టేకులో తెల్లకర్ర పాలు ఎక్కువ. కాకినాడ, కోనసీమ వైపు పాత మండువా ఇళ్లలో రంగూన్ టేకు స్తంభాలు, తలుపులు ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ తీరం నుంచి మనవాళ్లు పనికోసం ఓడలెక్కి బర్మా వెళ్లిన రోజుల్లో వచ్చిన కర్ర అది. ఆ బర్మాయే, అంటే ఇప్పటి మయన్మార్, 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. అలాంటి పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, అన్నదమ్ములు పంచుకునేటప్పుడో ఒక బల్ల బయటికి వస్తే, అది ఆదిలాబాద్ అడవుల టేకయినా సరే, రంగూన్ టేకయినా సరే, దాన్ని చిల్లర ధరకు పాత సామాన్ల బండికి వేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక కుర్చీలు. నా ఉద్దేశంలో సెట్టు కొనాలా వద్దా తేల్చేది బల్ల కాదు, కుర్చీలు. బల్ల మీద పళ్లాలూ గిన్నెలూ తప్ప పెద్ద బరువేమీ పడదు. కుర్చీ మీద మనిషి కూర్చుంటాడు, వెనక్కి వాలుతాడు, రెండు కాళ్ల మీద ఊగుతాడు, లాక్కుంటూ జరుపుతాడు. వాలినప్పుడల్లా భారమంతా కూర్చునే చట్రం వెనక కాళ్లతో కలిసే చోట పడుతుంది. పాత సెట్లలో ముందు పోయేవి ఆ రెండు జాయింట్లే.

మా మేనకోడలు మియాపూర్‌లో ఒక సెట్టు చూసి, "అత్తా, నువ్వూ రా" అని పిలిచింది. నేను మాకు తెలిసిన వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్లాను. పెద్దాయన, వాళ్లావిడ ఇద్దరే ఉన్నారు ఇంట్లో. కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లిపోతున్నారు. మా మేనకోడలు బల్ల చుట్టూ తిరిగి ముచ్చటపడుతుంటే, వడ్రంగి మాత్రం బల్ల వైపు చూడనేలేదు. ఒక కుర్చీ తీసి, చదునుగా ఉన్న గచ్చు మీద పెట్టి, నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూశాడు. వెనక నిలబడి వీపు చెక్క మీద రెండు చేతులూ వేసి ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఒత్తాడు. తర్వాత కుర్చీని తలకిందులు చేసి ఒళ్లో పెట్టుకున్నాడు. కూర్చునే చట్రం నాలుగు మూలల్లో అడ్డంగా చిన్న చెక్క దిమ్మెలు ఉన్నాయి. వాటి స్క్రూలు తుప్పు పట్టినా బిగువుగానే ఉన్నాయి. అలా ఆరు కుర్చీలూ చూశాడు. రెంటిని పక్కన పెట్టాడు.

"ఇదిగో ఇక్కడ చూడమ్మా. జిగురు వదిలితే జాయింటు విప్పి మళ్లీ జిగురు పెట్టాలి. వీళ్లు ఎవరితోనో మేకు కొట్టించారు. మేకు దగ్గర కర్ర చీలింది."

వేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి పగులు చేతికి తగిలింది. కంటికి కనబడలేదు.

"మరి వద్దా?" అంది మా మేనకోడలు, దిగులుగా.

"వద్దని ఎందుకంటానమ్మా? నాలుగు కుర్చీలు రాయిలా ఉన్నాయి. ఈ రెంటికీ వెనక కాలు ఒక్కొక్కటి కొత్తది వేస్తాను. కర్ర బతికే ఉంది" అన్నాడు.

ఆయన ఆ పగుళ్లు పెద్దాయనకు కూడా చూపించాడు. పెద్దాయన వాదించలేదు. "నిజమేనయ్యా, పెళ్లికి వచ్చినవాళ్లు కూర్చున్నప్పుడు కదిలాయి, హడావిడిలో అలా కొట్టించేశాం" అని, బాగుచేసే కూలి మేరకు తానే తగ్గించారు. తప్పు చూపించి ధర అడగడం వేరు, ధర కోసం వస్తువును తీసిపారేయడం వేరు. ఆ ఇంట్లో ఆ బల్ల చుట్టూ పిల్లలు పెరిగారు. దాన్ని కొనడానికి వెళ్లి "ఇదేం పాత చెత్త" అని మొదలుపెట్టే బేరం నాకు నచ్చదు. పైగా అమ్మేవాళ్లు నొచ్చుకుంటే నిజాలు చెప్పడం మానేస్తారు. గౌరవంగా అడిగితే ఎప్పుడు కొన్నారో, ఎవరు చేశారో, ఏ కుర్చీ ఎప్పుడు విరిగిందో వాళ్లే చెబుతారు.

జిగురు సంగతి కూడా కొంచెం చెబుతాను. పూర్వం వడ్రంగులు పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసిన జిగురు వాడేవారు. వేడి, ఆవిరి పట్టిస్తే అది మెత్తబడి జాయింటు చెక్కుచెదరకుండా విడివడుతుంది. శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చు. 1959లో ఫెవికాల్ మార్కెట్లోకి వచ్చాక క్రమంగా ఆ తెల్ల జిగురే అందరూ వాడటం మొదలుపెట్టారు. దాన్ని విప్పడానికి ఓపిక కావాలి, అయినా కుదురుతుంది. ఒక కర్రకు రంధ్రం తొలిచి, రెండో కర్ర కొసను అందులోకి దించి బిగించిన కుర్చీ ఎప్పటికైనా బాగవుతుంది. బోర్డుకు స్క్రూ బిగించిన కుర్చీ అలా కాదు. విప్పి బిగించిన ప్రతిసారీ రంధ్రం వదులై, చివరికి స్క్రూ ఊరికే తిరుగుతుంది. మేకులు, ఇనుప బద్దలు, మూలమూలకీ కొట్టిన ఎల్ ఆకారపు పట్టీలు కనిపించాయంటే ఆ కుర్చీ ఇదివరకే ఊడిందని తెలుసుకోండి.

మీరు కూడా ప్రతి కుర్చీలో కూర్చోండి. ఒకదాంట్లో కూర్చుని ఆరూ అలాగే ఉంటాయనుకోకండి. కూర్చునే చోటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తులో ఉండాలి. బల్ల పైభాగానికీ దానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాల దూరం ఉంటే చేత్తో కలుపుకుని తినడానికి మోచెయ్యి హాయిగా ఆడుతుంది. కొన్ని సెట్లు పొడుగు మనుషులకు తగ్గట్టు చేసి ఉంటాయి. మన ఇళ్లలో అయిదడుగులకు లోపు ఉండే అమ్మమ్మలకు ఆ కుర్చీలో కాళ్లు నేలకు ఆనవు, కాసేపటికే పిక్కలు లాగుతాయి. ఎవరి కోసం కొంటున్నారో వాళ్లను వెంట తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడండి. మన పెద్దవాళ్లలో చాలామంది కుర్చీలో కూడా మఠం వేసుకునే కూర్చుంటారు. చేతులు లేని, 18 అంగుళాల వెడల్పుకు తగ్గని కుర్చీ అయితేనే అది సాధ్యం. కుర్చీ కాళ్లు మరీ ఎత్తుగా ఉంటే వడ్రంగి అంగుళం కోసి ఇవ్వగలడు. మరీ పొట్టిగా ఉంటే చేయగలిగేది తక్కువ.

పేము అల్లిన కుర్చీలైతే అల్లిక తెగిందని వెనకాడకండి. చట్రం గట్టిగా ఉంటే మళ్లీ అల్లించుకోవచ్చు. అల్లేవాళ్లు తగ్గిపోతున్నారు, కాబట్టి ముందు మనిషి దొరుకుతాడో లేదో కనుక్కుని కొనండి. స్పాంజి, రెక్సిన్ వేసిన సీట్లయితే గుడ్డ పైకి ఎంత బాగున్నా, లోపల ఏముందో తెలియదు కనుక మార్పించడం ఖర్చులో కలుపుకోండి.

ఆ మాట అనడానికి కారణం నల్లులు. సీటు కింద గుడ్డ అంచుకు మేకులు కొట్టిన వరుసలో, అల్లిక రంధ్రాల్లో, జాయింట్ల సందుల్లో అవి దాక్కుంటాయి. మనిషి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. నల్లటి చుక్కల్లాంటి మరకలు, గోధుమరంగు పొట్టు కనిపిస్తే ఆ సెట్టు ఇంట్లోకి తేవద్దు. దీనికి మాత్రం నేను రాజీపడను. కర్ర బాగైనా సరే, ధర తక్కువైనా సరే.

పుచ్చు సంగతి వేరు. గుండుసూది తల అంత చిన్న రంధ్రాలు కనబడతాయి, వాటి కింద గోధుమపిండి లాంటి మెత్తని పొడి రాలుతుంది. అది తెల్లకర్రను, రబ్బరు కర్రను, మామిడి కర్రను తినే పురుగు పని. టేకు చేవ జోలికి రాదు. రంధ్రాలు ఉన్నంత మాత్రాన పురుగు ఇంకా ఉన్నట్టు కాదు. కుర్చీని నల్లగుడ్డ మీద పెట్టి నాలుగుసార్లు గట్టిగా తట్టండి. తాజాగా తెల్లటి పొడి రాలితే లోపల పురుగు ఉండి ఉండవచ్చు. వీలైతే పాత పొడి తుడిచేసి, ఆ గుడ్డను రెండు మూడు రోజులు అలాగే ఉంచమని అమ్మేవాళ్లను అడగండి. మళ్లీ పొడి రాలితే పురుగు ఉన్నట్టే. కిరసనాయిలు పూసి ఇచ్చేస్తామనే మాట నమ్మకండి, వాసన పోయేసరికి దాని పనీ అయిపోతుంది. చెదలు పట్టిన కర్రను వేలితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది, సన్న స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే లోపలికి దిగుతుంది. బల్ల కాళ్ల అడుగున, నేలకు ఆనే చోట ముందు చూడండి.

పై మరకల గురించి బెంగ పెట్టుకోవద్దు. పాత బల్లల మీద వేడి గిన్నె పెట్టిన చోట తెల్లటి గుండ్రటి మచ్చలు ఉంటాయి. పూర్వం లక్కను స్పిరిట్‌లో కరిగించి దూదిలో ముంచి పొరపొరగా రుద్ది పాలిష్ చేసేవారు. వేడికీ తేమకూ ఆ పొర తెల్లబడుతుంది, కర్రకు చాలాసార్లు ఏమీ కాదు. అది లక్క పాలిష్ అవునా కాదా తెలియాలంటే, అమ్మేవాళ్ల అనుమతి అడిగి, బల్ల అడుగున ఎక్కడో స్పిరిట్ తడిపిన దూది పెట్టి చూడండి. పాలిష్ మెత్తబడి దూదికి అంటితే లక్కే. దాన్ని ఊరి పాలిష్ పనివాడు తేలికగా కొత్తగా చేసి ఇస్తాడు. మెలమైన్, పీయూ పాలిష్ అయితే పూర్తిగా గీకి మొదలుపెట్టాలి, కూలి ఎక్కువ.

గాజు పలక, పాలరాయి ఉన్నవాటి గురించి నా దగ్గర పెద్దగా చెప్పడానికి లేదు. గాజుకు మూలలో టఫెండ్ అని ముద్ర ఉందో లేదో, అంచున పెచ్చు లేచిందో లేదో చూసుకోండి. పెచ్చు లేస్తే తీసుకోవద్దు. పాలరాయి మన వంటకు సరిపడదు. నిమ్మకాయ, చింతపండు పులుసు పడితే మెరుపు పోతుంది, పసుపు పడితే మచ్చ నిలిచిపోతుంది.

కొలతలు ఇంట్లోనే తీసుకుని వెళ్లండి. మనిషికి రెండడుగుల చోటు కావాలి. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి, వెనకనుంచి వడ్డించేవాళ్లు నడవడానికి బల్ల అంచు నుంచి గోడకు మూడడుగులు ఉండాలి. 5 అడుగుల బల్ల పెట్టబోయే చోట పాత దినపత్రికలు బల్ల కొలతకు పరిచి, ఒకరోజు వాటిని తొక్కకుండా ఇంట్లో తిరిగి చూడండి. ఇరుకో కాదో సాయంత్రానికి తేలిపోతుంది. బల్ల కాళ్లు విప్పడానికి వీలవుతుందా, లిఫ్ట్‌లో నిలబెడితే పడుతుందా, గుమ్మం వెడల్పెంత అన్నవి డబ్బు ఇచ్చేముందే తేల్చుకోవాలి. గుమ్మంలో ఇరుక్కున్న బల్ల కాళ్లు కోసి లోపలికి తెచ్చినవాళ్లు ఉన్నారు.

ధరకు లెక్క ఇలా వేసుకోండి. ఉదాహరణకు అమ్మేవాళ్లు 25,000 అడిగారనుకుందాం. ట్రాలీ ఆటో, ఎక్కించి దించే కూలి 3,000. కుర్చీల మరమ్మతు 5,000. పాలిష్ 8,000. సీట్లు 3,000. అంటే మీరు కొనేది 25,000 సెట్టు కాదు, 44,000 సెట్టు. ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి, మీ వడ్రంగినీ పాలిష్ పనివాడినీ అడిగి మీ అంకెలు వేసుకోండి. అదే కొలతలకు, అదే కర్రతో కొత్తది చేయిస్తే ఎంతవుతుందో పక్కన రాసుకోండి. మొత్తం ఖర్చు కొత్తదానిలో సగం దగ్గర ఉంటే నేను తీసుకుంటాను. మూడొంతుల దాకా వెళితే, మనకు కావలసిన ఎత్తులో కొత్తది చేయించుకోవడమే మంచిదంటాను. బోర్డు సెట్టుకైతే ఈ లెక్కే అక్కర్లేదు. దాన్ని బాగుచేయలేం కనుక, ఒకటి రెండేళ్లు అద్దె ఇంట్లో వాడుకుని వదిలేసేవాళ్లకు, అదీ బాగా తక్కువకు వస్తేనే పనికొస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు అది కూడా అవసరమే కదా.

ఆన్‌లైన్‌లో చూసి కొనేవాళ్లు వస్తువును కళ్లారా చూడకముందు రూపాయి కూడా పంపవద్దు. తాను సైన్యంలో పనిచేస్తున్నాననీ, బదిలీ అయిందనీ, అడ్వాన్స్ పంపితే సామాను లారీలో వేస్తాననీ చెప్పేవాళ్లను నమ్మి మోసపోయినవాళ్లు ఎందరో. మీరే అమ్మేవాళ్లయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మనం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. కొట్టమన్నారంటే డబ్బు పోతుంది. పొరపాటున పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సెట్టు ఇంటికి వచ్చాక తిన్నగా హాల్లోకి తీసుకురావద్దు. బాల్కనీలోనో వరండాలోనో, నేరుగా ఎండ పడని చోట నాలుగు రోజులు ఉంచండి. ఎర్రటి ఎండలో పెడితే ఆరిన కర్ర కూడా పగులుతుంది. బాగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తుడవండి. సందుల్లో మెత్తటి బ్రష్ ఆడించండి. వడ్రంగిని పిలిచి ముందు జాయింట్ల పని, ఆ తర్వాతే పాలిష్ చేయించండి. చాలామంది పాలిష్ ముందు చేయించి, తర్వాత జాయింట్లు విప్పించి, డబ్బు రెండుసార్లు పెడతారు. పాలిష్ పూర్తిగా ఆరేదాకా వారం రోజులు వేడి గిన్నెలు పెట్టకండి. నెల తిరిగాక బోల్టులు ఇంకోసారి బిగించి, ఒక్కసారి కుర్చీల కింద టార్చ్ వేసి పొడి రాలిందేమో చూడండి. రాలకపోతే ఇంక ఆ బల్ల మీది. వారానికోసారైనా ఇంట్లోవాళ్లంతా ఒకేసారి దాని చుట్టూ కూర్చుని తినండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గోడవైపు కాకుండా సులువుగా లేవగలిగే చివరి కుర్చీ ఇవ్వండి.